అడవిలో అతిథి

అతిథి అను మాటకు పెద్దలు చెప్పిన అర్థము మిక్కిలి సరళమైనది. తిథి నియమము లేక వచ్చువాడు అతిథి. అతడు ముందుగా కబురంపడు, ఎన్నాళ్లుండునో చెప్పడు. అట్టివానికి కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చి, ఉన్నదానిలోనే ఇంత పెట్టుట గృహస్థునకు విధింపబడిన ధర్మము. ఈ ధర్మమును ఎరుగని పిల్లవాడు తెలుగునాట లేడు. అయితే ఆతిథ్యమిచ్చువాని ధర్మమును గూర్చి చెప్పుకొనినంతగా, ఆతిథ్యము పుచ్చుకొనువాని ధర్మమును గూర్చి మనము చెప్పుకొనలేదు. వచ్చినవాడు ఇంటివాని నీళ్లు తాగి, పిదప ఆ ఇంటివానినే వాకిట నిలబెట్టునని ఎవ్వరును ఊహింపకపోవుటయే ఇందులకు కారణమై యుండును. నేడు ఆ సంగతిని గూర్చియు ఆలోచింపక తప్పదు.

ఏలయనగా, నేటి అతిథికి తిథి కలదు. అతడు కొన్ని నెలల ముందే గది నిర్ణయించుకొని, పైకము చెల్లించి, విమానమెక్కి వచ్చును. ఆఫ్రికాలోని నమీబియా, బోట్స్వానా దేశముల ఎడారులందును, మన రాజస్థానమున జైసల్మేరు ఇసుక తిన్నెల చెంతను, ఇట్టి అతిథుల కొరకు విలాసవంతములైన విడుదులు వెలసినవి. సఫారీ లాడ్జీలని వీనికి పేరు. పగలు వాహనములో తిరిగి వన్యమృగములను చూచుట, రాత్రి చల్లని పరుపుపై పండుకొని నక్షత్రములను చూచుట అక్కడి దినచర్య. వీనిలో అనేకములు తాము ప్రకృతికి కీడు చేయనివారమని, పర్యావరణమునకు హితులమని చెప్పుకొనును.

ఆ మాట బొత్తిగా అబద్ధము కాదు. అట్టి విడుదులలో మంచివానిని పరిశీలించిన యెడల, పునాదికై నేలను త్రవ్వక కొయ్య మంచెలపై గుడారములు నిలిపినట్లు కనబడును. దీపములకు సూర్యరశ్మినుండి తీసిన విద్యుత్తే ఆధారము. ప్లాస్టిక్ సీసాలుండవు. స్నానము చేసిన నీటిని శుద్ధిచేసి మొక్కలకు మళ్లింతురు. గడువు తీరిన నాడు గుడారములు విప్పివేసినచో, ఒకటి రెండు వర్షములకు నేల తిరిగి యథాస్థితికి వచ్చునని వారందురు. డీజిలు యంత్రములు రొదచేయు పాత పద్ధతి హోటలుకంటె ఇది వేయి రెట్లు మేలు. చుట్టుపట్ల యువకులకు దారి చూపు పని, వంట పని దొరకుటయు మేలే.

కాని ఈ జమాఖర్చులో కొన్ని పద్దులు కనబడవు. ఖండములు దాటి వచ్చు యాత్రికుని విమానము రాకపోకలకు కలిపి మనిషి ఒక్కింటికి టన్నుకు మించిన బొగ్గుపులుసు వాయువును ఆకాశమున వదలును. విడిదిపై అమర్చిన సూర్యఫలకములు దానిని తీర్చజాలవు. ఎడారిలో అన్నిటికంటె విలువైనది నీరు. పరుపుల దుప్పట్లు నిత్యము ఉతుకుటకు, రెండు పూటల స్నానమునకు, ఈతకొలనుకు కావలసిన నీరు ఎవరి భూగర్భమునుండి వచ్చుచున్నది? అన్నిటికంటె పెద్ద పద్దు వేరొకటి కలదు. ఈ నేలకు ఇదివరకు ఇంటివారుగా నున్న జనులు ఇప్పుడెక్కడ నున్నారు? అది విడిది గోడపై అంటించిన ధ్రువపత్రములందు వ్రాయబడదు.

కలహారి ఎడారి కథ ఇందులకు సాక్ష్యము. బోట్స్వానా నడిబొడ్డున సుమారు 52 వేల చదరపు కిలోమీటర్ల అభయారణ్యమును 1961లో ఏర్పరచిరి. వన్యమృగములతో పాటు, వేటాడియు కందమూలములు ఏరుకొనియు అక్కడ తరతరములుగా జీవించుచున్న సాన్ జాతివారికి కూడ ఆశ్రయమగుట దాని ఉద్దేశములలో ఒకటి. పిమ్మట ప్రభుత్వము మనసు మార్చుకొనెను. 1997లోను, 2002లోను ఆ ప్రజలను వెలుపలి శిబిరములకు తరలించిరి. వారు నీరు తోడుకొను బోరుబావిని మూసివేసిరి. సాన్ ప్రజలు న్యాయస్థానమునకు ఎక్కిరి. వారిని వెళ్లగొట్టుట చట్టవిరుద్ధమని 2006 డిసెంబరులో ఆ దేశపు హైకోర్టు తీర్పు చెప్పెను. నేల దక్కెను గాని నీరు దక్కలేదు. బోరుబావిని తెరచుకొనుటకు అనుమతింపుమని వారు మరల వేడుకొనగా 2010లో ఆ కోర్టే నిరాకరించెను. ఆ కాలముననే అదే అభయారణ్యములో పర్యాటకుల కొరకు ఈతకొలనుతో కూడిన విలాస విడిది నడచుచుండెను. తుదకు 2011 జనవరిలో పై న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసి, తమ నేలపై నీరు తోడుకొను హక్కు వారికి కలదని ప్రకటించెను.

ఆ విడిదిలో సూర్యఫలకములుండవచ్చును. సీసాలు గాజువై యుండవచ్చును. కొలనులో అతిథి ఈదుచుండగా, ఇంటివాడు గుక్కెడు నీటికై కోర్టు మెట్లపై కూర్చుండెను. ఇట్టి స్థితిలో ప్రకృతి హితమను మాటకు అర్థమేమి? ఈ ప్రశ్నకై ఆఫ్రికాకు పోవలసిన పని లేదు. గోదావరి దాటిన చాలును.

గోదావరికి ఆవల

కరీంనగరమునుండి జగిత్యాల మీదుగా ధర్మపురి చేరి, నరసింహస్వామికి మ్రొక్కుకొని, రాయపట్నము వంతెనపై గోదావరి దాటినచో లక్షెట్టిపేట వచ్చును. అక్కడనుండి జన్నారము దారి పట్టినంతనే వరిమళ్లు వెనుకబడి టేకు చెట్లు ఎదురుకొనును. అవి కవ్వాల అడవులు. 1965లో వన్యప్రాణుల అభయారణ్యముగను, 2012 ఏప్రిలులో పులుల రక్షిత ప్రాంతముగను ఈ అడవి ప్రకటింపబడినది. అంచు భాగముతో కలిపి దీని విస్తీర్ణము రెండువేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో నడిమి భాగము సుమారు 890. పూర్వపు ఆదిలాబాదు జిల్లా 2016లో నాలుగు జిల్లాలుగా విభజింపబడినపుడు ఈ అడవియు ఆ నాలిగింటికి పంచబడినది.

ఈ ప్రాంతమును ఎడారితో పోల్చుట వింతగా తోచవచ్చును. కాని వేసవిలో జన్నారము చూచినవారికి వింత యుండదు. ఎండ 45 డిగ్రీలకు చేరును. టేకు ఆకు రాలి, అడవి యంతయు బూడిదవన్నె దాల్చును. వాగులలో ఇసుక తప్ప వేరొకటి కానరాదు. అందుకు ముందుగా మోదుగ పూచి కొమ్మలకు నిప్పంటుకొనినట్లుండును. పిదప ఇప్పపూలు తెల్లవారుజామున నేల రాలును. అటవీశాఖవారు మృగముల దప్పి తీర్చుటకై పళ్లెముల వంటి సిమెంటు తొట్లు కట్టి, ట్యాంకర్లతో నీరు నింపింతురు. నీరు ఎవరి పాలు అను ప్రశ్న కలహారిదే కాదు, కవ్వాలది కూడ.

నగరములనుండి వచ్చువారి కొరకు జన్నారమున పర్యాటక శాఖవారి హరిత విడిది కలదు. ఇది కలహారి గుడారముల వంటి విలాస భవనము కాదు. మధ్యతరగతి కుటుంబము రెండు రోజులుండుటకు తగిన చోటు. తెల్లవారుజామున వాహనమెక్కి అడవిలోనికి పోయినచో చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు, అదృష్టమున్నచో అడవిదున్నలు కనబడును. ఎలుగుబంటి, చిరుతపులి, రేసుకుక్కలు కూడ ఇక్కడ కలవు. కాని పిల్లలందరి ప్రశ్న ఒక్కటే: పులి ఏది? పులి కనబడలేదని విడిదికి ముఖము వ్రేలవేసుకొని వచ్చువారే అధికము.

నిజమునకు ఈ అడవిలో తిథి లేని అతిథి పులియే. మహారాష్ట్రలోని తాడోబా అడవులలో పులులు పెరిగి, చోటు చాలక, పెన్‌గంగ, ప్రాణహిత నదులు దాటి ఇటు వచ్చుచుండును. అట్లు వచ్చిన ఆడపులి యొకటి గత దశాబ్దమున కాగజ్‌నగరు అడవులలో పిల్లలను కని, ఈ జిల్లా పులుల చరిత్రను మరల మొదలు పెట్టినది. దానికి కావలసినవి మూడు: వేటకు మృగములు, త్రాగుటకు నీరు, నడుమ తెగని అడవిదారి. ఈ మూడింటిలో ఏది లేకున్నను అది వచ్చిన దారినే మరలిపోవును.

అదే జన్నారము మండలమున, విడిదికి ఎంతో దూరము కాని కలమడుగు చెంత, గోదావరిలో హస్తినమడుగు అను చోటు కలదు. ఏటేట పుష్య మాసమున ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరునుండి మెస్రం వంశపు గోండులు ఇక్కడికి కాలినడకన వత్తురు. పాదరక్షలుండవు. వెంట ఝరి అను పాత్ర యుండును. దానిలో గోదావరి జలమును నింపుకొని, దారిలో పల్లెలలోను చెట్ల క్రిందను విడియుచు, తిరిగి కేస్లాపూరు చేరుదురు. అమావాస్య రాత్రి ఆ జలముతో నాగోబాకు అభిషేకము జరుగును. వేలకొలది కుటుంబములు కూడు ఆ జాతరలో మెస్రం వంశమువారు వంట చేసికొనుటకు నిర్ణీతమైన పొయ్యిలు ఇరువది రెండు మాత్రమే. ఒకరి తరువాత ఒకరు వంతు వేచి వండుకొందురు.

ఒకే అడవి, ఒకే నది, రెండు యాత్రలు. ఒకదానిలో యాత్రికుడు అడవిని చూచి పోవును. రెండవదానిలో యాత్రికుడు అడవిచేత చూడబడుచు నడచును. నీటిని చెంబెడు కొలిచి తీసికొనుట, పొయ్యిని పదిమందితో పంచుకొనుట, దాటిన చోట గురుతు మిగులనీయకుండుట అను నియమములకు ఆంగ్లమున కొత్త పేర్లు పుట్టకమునుపే కేస్లాపూరు దారిలో అవి ఆచారములై యున్నవి.

మార్లవాయికి వచ్చిన అతిథి

ఈ అడవులకు ప్రభుత్వము హద్దు రాళ్లు పాతిన కాలమున గోండులు, కొలాములు తాము దున్నుకొను నేలలనుండి వెళ్లగొట్టబడిరి. పశువులు మేసినను, కట్టె కొట్టినను పన్నులు, జరిమానాలు. పన్నెండు గూడెముల నేలపై హక్కు కోరి జోడేఘాట్ చెంత నిలిచిన కొమురం భీం 1940లో నిజాం పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఇంతటి కల్లోలము ఏల పుట్టెనో తెలిసికొనదలచి, ప్రభుత్వము ఒక విదేశీయ పండితుని ఆ అడవులకు పంపెను. ఆయన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. వియన్నా నగరమున 1909లో పుట్టినవాడు. యుద్ధ కాలమున శత్రుదేశీయుడుగా ఎంచబడి, హైదరాబాదు రాజ్యము దాటి పోరాదను నిర్బంధములో నుండెను.

ఆయనయు, ఆయన భార్య బెట్టి ఎలిజబెతును నేటి జైనూరు మండలములోని మార్లవాయి అను గోండు పల్లెను ఎంచుకొనిరి. ప్రయాణికుల బంగళాలో దిగి గ్రామస్థులను పిలిపించుకొని మాటలు వ్రాసికొనుట ఆనాటి అధికారుల రివాజు. ఈ దంపతులు అట్లు చేయక, గోండుల ఇండ్లవంటి పూరింటనే కాపురముండిరి. వారి పండుగలలో కూర్చుండిరి. వారి కథలు వినిరి. 1948లో వెలువడిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథము ఆ కాపురపు ఫలమే.

అయితే ఆయన గ్రంథము వ్రాసికొని పోయిన యెడల, మంచి పండితుడనిపించుకొనెడివాడు గాని మంచి అతిథి యనిపించుకొనెడివాడు కాడు. తాను చూచిన దుఃఖమును ఆయన ప్రభుత్వమునకు నివేదికలుగా సమర్పించెను. నేలకు పట్టాలు లేనిదే శాంతి లేదని వాదించెను. ఫలితముగా ఆ దశాబ్దమున లక్షన్నర ఎకరములకు మించిన భూమి ఆదిలాబాదు గిరిజనులకు పట్టాలుగా లభించెను. 1943లో మార్లవాయియందే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసెను. గోండి భాషలో పాఠ్యపుస్తకములు సిద్ధమయ్యెను. తమ భాషలో తమవాడు పాఠము చెప్పగా విను భాగ్యము ఆ పిల్లలకు అపుడు మొదటిసారి కలిగెను. నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల మొరలాలకించు దర్బారు కూడ ఆ 1940 దశకముననే, ఆయన ప్రేరణచేతనే ఆరంభమయ్యెను.

ఈ వృత్తాంతమును పురాణముగా మార్చవలసిన పని లేదు. తుపాకి కాల్చిన ప్రభుత్వమే ఆయనను పంపినది. ఆయన మాటకు బలము వచ్చినది ఆ ప్రభుత్వమువలననే. భీము ప్రాణము పోనిదే పట్టాల మాట పుట్టెడిది కాదు. మరియు ఇచ్చిన పట్టాలన్నియు నిలువలేదు. 1970 దశకపు చివర ఆయన తిరిగి వచ్చి చూడగా, వెలుపలినుండి వచ్చి స్థిరపడినవారి చేతులలోనికి గిరిజనుల నేలలు అనేకములు జారిపోయి యుండెను. ఆ ఆవేదనను 1982లో వెలువడిన మరియొక గ్రంథమున వ్రాసెను. తాను చేసిన మేలు చెరిగిపోవుచున్నదని నిష్పక్షపాతముగా వ్రాయుట సామాన్యమైన పని కాదు.

1987 జనవరిలో బెట్టి ఎలిజబెత్ కన్నుమూయగా ఆమెను మార్లవాయిలో ఖననము చేసిరి. 1995లో లండనులో హైమన్‌డార్ఫ్ మరణించెను. తరువాత ఆయన అవశేషములు కూడ అక్కడికే చేరి, ఆమె ప్రక్కన నిలిచినవి. ఏటేట జనవరి 11వ తేదీన గోండులు ఆ సమాధులకడ కూడి శ్రద్ధాంజలి ఘటింతురు. అతిథిగా వచ్చినవాడు ఇంటివాడై పోయెను.

దండారి నేర్పు మర్యాద

మార్లవాయి పేరు వేరొక కారణమున కూడ దేశమునకు తెలిసినది. గుస్సాడీ నృత్య గురువు కనకరాజు ఆ ఊరివాడు. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటింపబడినది. 2024 అక్టోబరులో ఆయన పరమపదించెను. నెమలి ఈకల కిరీటము, మెడలో పూసలు, ఒంటికి బూడిద, చేతిలో కర్ర గల గుస్సాడీని చిత్రములలో చూడని విద్యార్థి యుండడు. కాని ఆ నృత్యము ఏ సందర్భమున పుట్టినదో ఎరిగినవారు కొలదిమందియే.

దీపావళి దినములలో ఒక గూడెమువారు దండారి బృందముగా కూడి మరియొక గూడెమునకు అతిథులై పోవుదురు. పొలిమేరలో ఆ ఊరివారు ఎదురేగి రామ్ రామ్ అని పలుకరించి తోడుకొని పోవుదురు. రాత్రి యంతయు ఆట పాట. అన్నము ఆ ఊరివారిది, ఆనందము వచ్చినవారిది. ఎత్తిన చేయి ఎప్పుడును ఒక్కటియే కాదు; నేడు అతిథులైనవారు మరియొకనాడు ఆతిథేయులు కావలెను. ఈ రాకపోకలలోనే వియ్యములు కుదురుటయు కలదు.

ఇక్కడ అతిథి ధర్మము స్పష్టముగా కనబడుచున్నది. వచ్చువాడు ఒట్టిచేతులతో రాడు; తన ఆటను తెచ్చును. తాను తిన్న అన్నమునకు వెల కట్టడు; బదులు పెట్టుటకు సిద్ధపడును. అన్నిటికంటె ముఖ్యముగా, పలుకరింప ఆ ఊరిలో ఇంటివాడు ఉండవలెను. ఇంటివాడే లేనిచోట ఎంత సొగసైన పడక యున్నను అది బస యగును గాని ఆతిథ్యము కాదు.

పులి, పల్లె, పర్యాటకుడు

ఇప్పుడు చిక్కు ప్రశ్నకు రావలెను. పులికి మనుష్య సంచారము లేని చోటు కావలెనని శాస్త్రజ్ఞులందురు, అది కాదనరానిది. ఆ కారణమున పులుల అడవి నడిమి భాగమునుండి పల్లెలను వెలుపలికి తరలించు పథకము దేశమంతట కలదు. ఇష్టపడి కదలు కుటుంబమునకు 15 లక్షల రూపాయలు గాని, భూమి, ఇల్లు గాని ఇచ్చుట దాని నియమము. వన్యప్రాణి రక్షణ చట్టమునకు 2006లో జరిగిన సవరణయు, అదే సంవత్సరపు అటవీ హక్కుల చట్టమును ఇది బలవంతముగా జరుగరాదనియు, గ్రామసభ సమ్మతి యుండవలెననియు విధించుచున్నవి. కవ్వాలలో కడెం మండలపు రాంపూరు, మైసంపేట గూడెములు ఈ పద్ధతిని 2024లో కొత్త మద్దిపడగ చెంతకు తరలినవి.

తరలినవారిలో దారి, కరెంటు, బడి దగ్గరైనందుకు సంతోషించువారుందురు. ఇప్పచెట్టు, దేవుని గద్దె దూరమైనందుకు కుములువారును ఉందురు. రెండు భావములు ఒకే మనిషిలో నుండుటయు సహజమే. 2025 మే నెలలో కొమురం భీం పేరుతో ఆసిఫాబాదు, కాగజ్‌నగరు అడవులలో మరియొక రక్షిత ప్రాంతమును ప్రకటించుచు 49వ నంబరు ఉత్తరువు వెలువడగా, గిరిజనులు వీధులకెక్కిరి. జూలైలో ప్రభుత్వము దానిని నిలిపి యుంచెను. నేల కొరకు ప్రాణమిచ్చినవాని పేరు పెట్టి ఆ నేలనే తమకు దూరము చేయుదురేమో యను భయము వారిది. ఆ భయమునకు చరిత్ర కలదు గనుక దానిని అజ్ఞానమని త్రోసిపుచ్చరాదు.

ఇచ్చట పర్యాటకుని పాత్ర సూక్ష్మమైనది. పులి కొరకు పల్లె లేచిపోయిన చోటికి, పులిని చూచు నెపమున వేరొకడు వచ్చి పడకవేసినచో, ఆ త్యాగము ఎవరి కొరకు జరిగినట్లు? ఈ ప్రశ్న దేశపు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినది. 2012 జూలైలో నడిమి అడవులలో పర్యాటకమును అది తాత్కాలికముగా నిషేధించెను. అదే అక్టోబరులో వెలువడిన జాతీయ నిబంధనల ప్రకారము నడిమి భాగములో ఐదవ వంతుకు మించి పర్యాటకమునకు తెరవరాదు. అక్కడ కొత్త కట్టడములు కట్టరాదు. ఆదాయములో భాగము స్థానికులకు చేరవలెను. నిబంధన మంచిదే. దానిని నిలుపవలసినవాడు అధికారి ఒక్కడే కాదు. పైకమిచ్చు అతిథి కూడ. అతిథి అడుగని వసతిని ఏ వ్యాపారియు కట్టడు.

మరియొక విచిత్రము కలదు. టేకు గుంజలు, వెదురు తడకలు, వానిపై మన్ను పేడ మెత్తిన గోడలు, గడ్డి కప్పు గల గోండు ఇల్లు నూటికి నూరుపాళ్లు ప్రకృతి హితమైనది. కూలిన నాడు మట్టిలో మట్టియై పోవును. ఇదే ఇంటిని ఒక విడిదివారు కట్టి, లోపల చల్లని గాలి యంత్రము, పాలరాతి స్నానశాల అమర్చినచో దాని రాత్రి బాడుగ వేలు పలుకును. అతిథికి అక్కడ లాంతరు వెలుగు సుందరముగా తోచును. అదే లాంతరు వెలుగులో చదువుకొనవలసివచ్చు గూడెము పిల్లవానికి అది సౌందర్యము కాదు, లేమి. వాగు పొంగి ఆసుపత్రికి దారి తెగిపోవుట అతిథికి సాహసము, నిండుచూలాలికి ప్రాణసంకటము. ఒకడు రెండు రోజులు ఇష్టపడి ధరించు నిరాడంబరత, మరియొకడు జీవితమంతయు విధిలేక మోయు దారిద్ర్యము ఒక్కటి కావు. గూడెమునకు బడియు, దారియు, వైద్యుడును రావలెనని కోరుట అడవిపై ప్రేమకు విరుద్ధము కాదు. ఆ కోరికను మరచిన అడవి ప్రేమ చిత్రపటముపై ప్రేమ వంటిది.

బడిపిల్లల యాత్ర

కరీంనగరము, పెద్దపల్లి, జగిత్యాల పాఠశాలలనుండి పిల్లలు జన్నారమునకో, కుంటాల జలపాతమునకో యాత్రకు పోవుచుందురు. బస్సు దిగుట, ఛాయాచిత్రములు తీసికొనుట, పొట్లములు విప్పుట, కాగితములు పారవేసి మరలుట తరచుగా జరుగు పని. ఉపాధ్యాయుడు తలచినచో ఆ యాత్రయే ఒక సంవత్సరపు పాఠము కాగలదు.

బయలుదేరకమునుపు తరగతిలో నల్లబల్లపై కొన్ని ప్రశ్నలు వ్రాసిన చాలును. మనము పోవు చోటికి అక్కడివారు పెట్టుకొనిన పేరేమి? అక్కడ ఎవరు నివసించుచున్నారు, పూర్వమెవరు నివసించిరి? మనము తాగు నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? మనమిచ్చు పైకములో ఆ ఊరికి చేరునదెంత? మనము వారికి ఏమి తీసికొనిపోవుచున్నాము? ఈ ప్రశ్నలకు జవాబులు వెదకిన బాలుడు పెద్దవాడై ఏ ఎడారిలోని ఏ విడిదికి పోయినను, సూర్యఫలకములను లెక్కించి ఊరకుండడు. వంటయింటి వెనుక నిలిచియున్న మనిషి ముఖము కూడ చూచును.

అక్కడి చెట్టును గోండి భాషలో ఏమందురో ఒక్క మాట నేర్చుకొని వచ్చినను మేలు. గూడెము పిల్లలను తమ పాఠశాలకు బదులుగా పిలిచిన మరింత మేలు. దండారి నియమము అదియే గదా: ఈ యేడు మేము, మరుసటి యేడు మీరు. పులి కనబడలేదని చిన్నబోయిన పిల్లవానికి ఉపాధ్యాయుడు చెప్పదగిన మాట యొకటి కలదు. అది తన ఇంటిలో నున్నది. మనము వచ్చినపుడు ఎదుటికి రావలసిన బాధ్యత దానికి లేదు. తలుపు తట్టినవాడు, ఇంటివారు తీయకున్నను మర్యాదగా మరలవలెను.

మార్లవాయిలో ఆ రెండు సమాధులు ఆడంబరము లేనివి. వియన్నాలో పుట్టినవానిని, లండనులో మరణించినవానిని, ఒక గోండు పల్లె తన మట్టిలో చేర్చుకొనుటకు కారణమేమని పిల్లలు అడుగవచ్చును. ఆయన ఆ ఊరి నీరు తాగెను. ఆ ఊరివారి నేల వారికే దక్కవలెనని కడవరకు అడిగెను. అతిథి ఋణము తీర్చుకొను దారి అంతకంటె వేరొకటి లేదు.